పూడ్చవలసిన కాలువలు

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి కాలువ గొప్పతనం ఒకరు చెప్పవలసిన పని లేదు. మా చిన్నతనంలో కాలువకు నీళ్లు వదిలిన రోజు ఊరంతటికీ పండుగే. పశువులు దిగే రేవు, బట్టలుతికే రేవు, పిల్లలు ఈత నేర్చుకునే చోటు, చివరకు మా సంఘంలో బాప్తిస్మాలు కూడా ఆ కాలువలోనే. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారి విగ్రహాలు నేటికీ మా వైపు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. కరవుతో మాడిన నేలను అన్నం పెట్టే నేలగా మార్చిన మనిషి గనుక కులమతాల భేదం లేకుండా రైతులు ఆయనకు దండలు వేస్తారు. కాలువ తవ్వినవాడు మేలు చేసినవాడు, పూడ్చినవాడు కీడు చేసినవాడు అన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన నమ్మకం. అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు పూడ్చివేస్తే ఇస్సాకు తిరిగి తవ్వించిన సంగతి మీద నేను ఎన్నో ఆదివారాలు ప్రసంగించాను కూడా.

అయితే ప్రియ చదువరులారా, కాలువను పూడ్చడమే మేలైన నేలలు కూడా ఈ లోకంలో ఉన్నాయి. అవి మన దగ్గర పెద్దగా లేవు గనుక వాటికి మన భాషలో పేరు కూడా లేదు. బొగ్గు ఎలా పుడుతుందో చెప్పే పాఠంలో మొదటి మెట్టుగా 'పీట్' అనే మాట మీలో చాలామంది చదివే ఉంటారు. ఆ పీట్ గురించే చెప్పబోతున్నాను. మలయాలో దానిని 'గంబుట్' అంటారు.

నీరు నిలిచే పల్లపు చోట అడవి పెరిగిందనుకోండి. ఆకులు రాలతాయి, కొమ్మలు విరుగుతాయి, చెట్లు కూలతాయి. మామూలు నేలలోనైతే ఇవన్నీ కుళ్లి మట్టిలో కలిసిపోతాయి. నీటిలో మునిగి ఉన్నచోట గాలి తగలదు గనుక అవి పూర్తిగా కుళ్లవు. ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. అలా పేరుకోవడం ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. అంటే ఒక మీటరు మందం కావడానికి దాదాపు వెయ్యి సంవత్సరాలు. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల ఈ పొర పది మీటర్లకు మించి ఉంది. లెక్క మీరే వేసుకోండి. ఆ నేల బరువులో సుమారు తొమ్మిది వంతులు నీరే. చేత్తో పిండితే టీ డికాక్షన్ రంగు నీళ్లు కారతాయి. మిగిలిన ఒక్క వంతు సగం కుళ్లిన చెట్టు. ఒక్కమాటలో చెప్పాలంటే అది మట్టి కాదు, నీళ్లలో నానబెట్టిన కట్టెల మోపు. భూమి మీది నేలలో నూటికి 3 వంతులు మాత్రమే ఇటువంటిదైనా, లోకంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం దీనిలో దాగి ఉంది.

ఇప్పుడు దానిలో కాలువ తవ్వితే ఏమవుతుంది? మన డెల్టాలో కాలువ నీటిని తెస్తుంది. అక్కడ కాలువ నీటిని తీసుకుపోతుంది. మన ఒండ్రు నేల ఎండాకాలంలో నెర్రెలు విచ్చినా తొలకరికి మళ్లీ కలిసిపోతుంది, నేల మాత్రం ఎక్కడికీ పోదు. పీట్ నేల ఎండిందంటే ముందు కుంగుతుంది. తరువాత గాలి తగిలి, వెయ్యేళ్లుగా ఆగిన కుళ్లు మళ్లీ మొదలై, నేల కాస్తా వాయువుగా మారి ఆకాశంలో కలిసిపోతుంది. నిప్పు తగిలితే ఇక చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో హోమ్ ఫెన్ అనే చోట దీనికి సాక్ష్యంగా ఒక ఇనుప స్తంభం ఉన్నది. 1851లో అక్కడి పెద్ద మడుగును ఎండగట్టి పొలాలు చేస్తున్నప్పుడు, నేల ఎంత కుంగుతుందో చూద్దామని దానిని పూర్తిగా పాతి, తల నేలమట్టానికి సమంగా ఉంచారు. ఇప్పుడు ఆ స్తంభం తల నేలకు సుమారు 4 మీటర్ల ఎత్తున ఉంది. స్తంభం లేవలేదు, నేల దిగిపోయింది. అది మన ఆనకట్ట పూర్తి కావడానికి ఒక్క సంవత్సరం ముందు మాట. అదే దేశపువారు, అదే కాలంలో, నీళ్లతో చేసిన రెండు పనులు. ఒకచోట లక్షలమంది కడుపు నిండింది, మరొకచోట కాళ్లకింద నేల కరిగిపోయింది. రెండుచోట్లా చదువుకున్నవారే, మంచి ఉద్దేశంతోనే చేశారు.

ఇదంతా పుస్తకాలు చూసి చెబుతున్నానని మీరనుకోవచ్చు. కొంత అంతే. కాని నాకు ఈ సంగతి మీద మనసు పడడానికి కారణం మా బంధువులు. మా నాన్నగారి మేనత్తగారి కుటుంబం వందేళ్ల కిందట విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి మలయా వెళ్లింది. పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతుక్, తెలుక్ ఇంతాన్ ప్రాంతాలలో తెలుగువారు అప్పటినుంచీ స్థిరపడి ఉన్నారు. కొబ్బరి ఎస్టేట్లలో కూలికి వెళ్లినవారి మనవలు, మునిమనవలు నేడు టీచర్లు, లారీ యజమానులు, చిన్న రైతులు. వారిలో ఒకరు వరసకు నాకు బావ. వయసులో చాలా పెద్దవారు. ఆయన మాటలో సగం తెలుగు, పావు మలయ్, మిగతాది తమిళం. నన్ను 'పాస్టరు బామ్మర్దీ' అని పిలుస్తారు.

2019 సెప్టెంబరులో వారింట పెళ్లికి వెళ్లాను. విమానం దిగి బయటికి రాగానే గొంతులో గరగర. ఎక్కడో చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నాను. తెలుక్ ఇంతాన్ చేరేవరకు అదే వాసన. నడి మధ్యాహ్నం సూర్యుడు రాగి పైసాలాగ ఎర్రగా కనిపించాడు, కళ్లార్పకుండా చూడవచ్చు. దానిని అక్కడివారు 'జెరెబు' అంటారు. ఆ నెలలో ఆ దేశంలో వెయ్యికి పైగా బడులు మూసివేశారు. బావగారి మనవడికి ఉబ్బసం. ఆరేళ్ల పిల్లవాడు మంచం మీద కూర్చుని, ముక్కుకు గొట్టం పెట్టుకుని, పెళ్లివారి సందడి కిటికీలోంచి చూస్తున్నాడు. వాళ్ల నాయనమ్మ, అంటే మా అక్కయ్య, తడిగుడ్డలు తలుపు సందుల్లో కుక్కుతూ "వీడు పుట్టిన యేడూ ఇంతే, మా పిల్లలప్పుడు 97లో ఇంతకంటే ఘోరం" అన్నది.

ఆవిడ చెప్పిన 1997 సంగతి చరిత్రలోకెక్కింది. దాని మూలం బోర్నియో ద్వీపంలో ఇండొనేషియా వారి మధ్య కాలిమంతాన్‌లో ఉంది. 1995 చివర అధ్యక్షుడు సుహార్తో అక్కడి పది లక్షల హెక్టార్ల చిత్తడి అడవిని వరిపొలాలు చేస్తామని ఉత్తర్వు ఇచ్చారు. 4,000 కిలోమీటర్లకు మించి కాలువలు తవ్వారు. జావా నుంచి పేద కుటుంబాలను తీసుకువచ్చి అక్కడ దింపారు. ఆ నేల పుల్లనిది, పోషకాలు లేనిది, అందులో వరి పండలేదు. అంతలో 1997లో ఎల్ నినో వచ్చి వానలు వెనుకబట్టాయి. కాలువలు అప్పటికే నేలలోని నీటిని నదుల్లోకి దింపేశాయి. నిప్పంటుకున్నది. పీట్ మంట పైకి కనబడే మంట కాదు. ఊక కుప్పలో నిప్పులాగ లోలోపల రగులుతూ పోతుంది. చెట్టు పచ్చగానే నిలబడి ఉంటుంది, వేళ్లు కాలిపోయి ఉన్నట్టుండి కూలుతుంది. పైన నీళ్లు చల్లితే ఆరదు. నేలంతా నీటితో నిండాలి, లేదా వానాకాలం రావాలి. ఆ ఏడాది ఇండొనేషియా పీట్ నేలల నుంచి 81 కోట్ల టన్నుల మొదలు 257 కోట్ల టన్నుల వరకు కర్బనం గాలిలో కలిసిందని 2002లో సూసన్ పేజ్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవారు లెక్క కట్టారు. ప్రపంచమంతా ఏడాదిపాటు బొగ్గు, పెట్రోలు కాల్చగా వచ్చేదానిలో అది నూటికి 13 నుంచి 40 వంతులకు సమానం. ఆ వరి పథకాన్ని 1999లో రద్దు చేశారు. పథకం రద్దయింది గాని కాలువలు రద్దు కాలేదు. అవి రాత్రింబగళ్లు నీళ్లు దింపుతూనే ఉన్నాయి. 2015లో మళ్లీ ఇండొనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలాయి, పీట్ నేలలు అందులో చాలా ఉన్నాయి. మరుసటి ఏడాది జనవరిలో ఆ ప్రభుత్వం పీట్ నేలలను తిరిగి తడపడానికే ఒక ప్రత్యేక సంస్థను పెట్టవలసి వచ్చింది.

పెళ్లి మరునాడు బావగారు తమ తోట చూపించారు. ఊరికి లోపలివైపు అయిదెకరాల పామాయిల్ తోట, ఆయన ఉద్యోగం మాని 1999లో నాటినది. వాళ్ల తాతగారు సముద్రపు ఒడ్డున కొబ్బరి ఎస్టేట్లో మురుగు బోదెలు తవ్విన మనిషి. ఆ పనిలో ఆయనకు పెట్టింది పేరట. అక్కడ నేల సముద్రపు బంకమట్టి, బోదె తవ్వితేనే కొబ్బరి బతుకుతుంది. మనవడు లోపలివైపు నేల కొని, తాత చూపిన దారినే లోతుగా బోదెలు తవ్వారు. కాని ఇది బంకమట్టి కాదు, గంబుట్. నడుస్తుంటే కాళ్లకింద పరుపులాగ ఊగుతుంది. చెట్లు సగానికి సగం పక్కకు వాలి, కొన్ని పూర్తిగా పడుకుని మళ్లీ తల పైకెత్తి ఉన్నాయి. వేళ్లు గోళ్లలాగ బయటికి వచ్చాయి. పనిముట్ల కొట్టుకు మొదట రెండు మెట్లు కట్టారట, ఇప్పుడు అయిదున్నాయి.

"కొట్టు పెరుగుతోంది బామ్మర్దీ" అని నవ్వారాయన.

శాస్త్రజ్ఞులు చెప్పే లెక్క ఇలా ఉంది. ఇటువంటి నేలను ఎండగట్టిన మొదటి అయిదేళ్లలో మీటరుకు పైగా కుంగుతుంది. ఆ తరువాత ఏటా సుమారు 5 సెంటీమీటర్లు. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకున్న నేల గదా, అంటే ఒక్క ఏడాదిలో యాభై ఏళ్ల నేల పోతున్నది. ఇలా కుంగుతూ కుంగుతూ ఒకనాటికి తోట మట్టం పక్కనున్న నది మట్టానికి వస్తుంది. అప్పుడు బోదె ఎంత తవ్వినా నీరు పోదు, పైగా నదిలో నీరే తోటలోకి వస్తుంది. నీటిని వదిలించుకోవాలని మొదలుపెట్టిన వ్యవసాయం చివరకు నీటిలోనే మునుగుతుంది. ఇది నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచింది.

మరి మార్గమేమిటి? చెట్లు నాటడం అంటారు చాలామంది. మొక్కలు నాటి ఫొటోలు తీయించుకోవడం మన దేశంలోనూ ఉన్న ఆచారమే. పీట్ నేలలో ముందు నాటవలసినది మొక్క కాదు. ముందు నీటిని నిలపాలి. ఎండిన పీట్ మీద నాటిన మొక్క వచ్చే వేసవికి కట్టెపుల్ల. ఈ సంగతి కళ్లతో చూడడానికి బావగారు నన్ను బెర్నామ్ నది దాటించి సెలంగోర్ రాష్ట్రంలోకి తీసుకువెళ్లారు. అక్కడ సుమారు 80,000 హెక్టార్ల పీట్ అడవి ఉన్నది. దానికి ఆనుకుని తంజుంగ్ కరాంగ్ దగ్గర సుమారు 20,000 హెక్టార్ల వరి ఆయకట్టు. ఆ పచ్చని మడులు చూస్తే అచ్చం భీమవరం వైపు వచ్చామా అనిపిస్తుంది. అడవి వానాకాలంలో నీటిని పీల్చుకుని, తరువాత మెల్లమెల్లగా వదులుతుంది. అడవి ఎండితే ఆయకట్టుకూ కష్టమే.

ఆ అడవిలో పూర్వం కలప కొట్టేటప్పుడు దుంగలను తేల్చుకుపోవడానికి 500 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. దుంగలు వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయింది, నీళ్లు మాత్రం ఇంకా వెళుతూనే ఉన్నాయి. దానికి తోడు రాజా మూసా అనే భాగంలో అక్రమంగా సాగు చేసి, నిప్పు పెట్టి, దాదాపు వెయ్యి హెక్టార్లు పాడుచేశారు. 2008 నుంచి అక్కడి అటవీశాఖ, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్లవారు కలిసి దానిని బాగుచేసే పని పెట్టుకున్నారు.

నేను ఏదో పెద్ద ఆనకట్ట చూడబోతున్నాననుకున్నాను. చూసినది చెక్కలు, వాసాలు, ఇసుక బస్తాలు. కాలువకు అడ్డంగా రెండు వరసల వాసాలు పాతి మధ్యను బస్తాలతో నింపారు, అంతే. కొంచెం దూరం పోయాక అటువంటిదే మరొకటి, ఆపైన ఇంకొకటి. పీట్ నేల మధ్యలో ఉబ్బెత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది గనుక ఒకే పెద్ద కట్ట కడితే నీటి బరువుకు పక్కనున్న మెత్తని నేలను కోసుకుని నీరు పారిపోతుందట. అందుకే చిన్నచిన్న కట్టలు మెట్లుమెట్లుగా. ఎగువన నీరు నిండుగా, నల్లగా, కదలకుండా నిలిచి ఉన్నది. మన ఇళ్లలో పడమటి గోడమీద పడే వాననీటికి పిల్లలు కట్టే మట్టికట్టలకూ దీనికీ తేడా పెద్దగా లేదు. ఇంత చిన్న పని ఇంత పెద్ద మంటను ఆపుతుందా అని నాకు సందేహం. నీరు నేల దాపుకు వస్తే చాలు, తడిసిన పీట్‌కు నిప్పు అంటుకోదు. నీరు నిలిచిన తరువాతే 'మహాంగ్' వంటి ఎండకు ఓర్చే స్థానిక మొక్కలు నాటారు. అవి నీడ పట్టాక పాత అడవి చెట్లు తమంతట తామే రావడం మొదలుపెడతాయి.

చెప్పుకోవడానికి ఇది సులువుగా ఉన్నది. చేయడం సులువు కాదు. కాలువ మూస్తే ఎవరికో ఒకరికి నష్టం. కాలిమంతాన్‌లో పలంకరాయ విశ్వవిద్యాలయానికి చెందిన సువిడో లిమిన్ అనే ఆచార్యుడు, దయాక్ తెగవాడు, గ్రామస్థులతో కలిసి నిప్పులార్పే దళాలు పెట్టి, కాలువలకు అడ్డుకట్టలు కట్టించాడు. ఆ ప్రాంతంలో చాలా కట్టలను రాత్రికి రాత్రి తీసివేసినవారు కూడా ఉన్నారు. వారు దుర్మార్గులు కారు. చేపలకు పోయేవారు, కలప తెచ్చుకునేవారు, వారి పడవ ఆ కాలువలోనే నడవాలి. తరువాత తరువాత పడవ జారిపోయేటట్టు కట్ట మధ్యలో పల్లంగా దారి విడవడం నేర్చుకున్నారు. పేదవాని పడవకు దారి విడవని కట్ట నిలవదు.

ఈ మాట అన్నప్పుడు నాకు మన కొల్లేరు గుర్తు వస్తుంది. కొల్లేరు పీట్ నేల కాదు, మంచినీటి సరస్సు. అయినా పాఠం దగ్గరిదే. సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు పెరిగి నీటిదారి మూసుకుపోతే, 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో తెగ్గొట్టింది. సరస్సుకు అది అవసరమే. కాని ఆ చెరువుల మీద బతికిన లంక గ్రామాల కూలివారు ఆ మరునాటి నుంచి ఏం తిన్నారో తెలుసుకోవాలంటే ఆ ఊళ్లలో తిరగాలి. పెద్ద పెట్టుబడిదారులు వేరే చోట చెరువులు తవ్వుకున్నారు. నీటిని బాగుచేసే పనికి లెక్క రాసేటప్పుడు ఈ ఖర్చు కూడా రాయాలని నా అభిప్రాయం. రాయకపోతే దానిని కట్టేది ఎప్పుడూ చివరి ఇంటివాడే.

సుమత్రా పక్కన తెబింగ్ తింగ్గి అనే చిన్న ద్వీపంలో సుంగై తోహోర్ అనే ఊరివారిది మరొక దారి. వారు పీట్ నేలను ఎండగట్టకుండానే సాగో చెట్టు పెంచుతారు. తాటిచెట్టు జాతిది, బురదలోనే పెరుగుతుంది, దాని కాండంలోనుంచి పిండి తీస్తారు. మనం పాయసంలో వేసుకునే సగ్గుబియ్యానికి ఆ పేరు వచ్చినది ఈ చెట్టు మలయ్ పేరు 'సాగు' నుంచే. మన సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో కర్రపెండలం నుంచి తీసేదానికి ఆ పేరు అరువు తెచ్చుకున్నాం. వారి ఊరి పక్కన కంపెనీ కాలువలు తవ్వితే వారి సాగో తోటలు ఎండి 2014లో కాలిపోయాయి. ఊరివారు అధ్యక్షునికి విన్నపం పంపారు. ఆ ఏడాది నవంబరులో అధ్యక్షుడు జోకో విదోదో స్వయంగా వచ్చి, బురదలో దిగి, ఒక కాలువకు అడ్డుకట్ట వేయడంలో చేయి వేశారు. తరువాత 2016లో ఇండొనేషియా ప్రభుత్వం, సాగు చేసే పీట్ నేలల్లో నీరు 40 సెంటీమీటర్ల కంటే లోతుకు పోగూడదని నియమం పెట్టింది. నియమం ఉన్నంతమాత్రాన అంతటా అమలు జరుగుతున్నదని చెప్పలేను. 2019లో మా బావగారి మనవడు పీల్చిన పొగ ఆ నియమం వచ్చిన తరువాతిదే.

ఇంతకూ ఇదంతా మనకెందుకు అంటారా? మీ వంటగదిలోకి వెళ్లి నూనె ప్యాకెట్టు తిరగేసి చూడండి. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే, వచ్చేదానిలో ఎక్కువ భాగం ఇండొనేషియా, మలేషియాల నుంచే. రేషను షాపులో ఇచ్చిన పామోలిన్‌తోనే మా సంఘంలో ఎన్నో ఇళ్లలో క్రిస్మస్‌కు గులాబీపువ్వులు, కజ్జికాయలు వేగాయి. దానిని నేను తప్పు పట్టను. లీటరు నూనె ధర చూసి కొనే తల్లికి పీట్ నేల గురించి ఉపన్యాసం చెప్పే పాస్టరు మీద నాకు గౌరవం ఉండదు. అదీగాక ఆ తోటలన్నీ పీట్ నేలల మీద లేవు, మామూలు మట్టి మీద ఉన్నవే ఎక్కువ. కొత్తగా పీట్ మీద నాటకూడదని, 2018 నవంబరు నుంచి, పామాయిల్ కంపెనీల అంతర్జాతీయ వేదిక ఒకటి తన సభ్యులకు నియమం పెట్టింది.

మన పెదవేగి చుట్టుపక్కల మెరకలోనూ ఈ చెట్టు పెంచుతున్నాం, అక్కడ కేంద్ర పరిశోధనా సంస్థ కూడా ఉన్నది. ఇందులో ఒక చోద్యం చూడండి. అక్కడివారు నేలలో ఉన్న నీళ్లను బయటికి దింపి ఈ చెట్టును పెంచుతున్నారు, మనం వందల అడుగుల లోతు బోర్లు వేసి పాతాళంలో ఉన్న నీళ్లను పైకి తోడి అదే చెట్టును పెంచుతున్నాం. రెండుచోట్లా తగ్గేది నేలలో నీరే.

మా బావగారి సంగతికి వస్తాను. ఆయన తోటలోకి ఆ రోజుల్లోనే ఒక వ్యవసాయాధికారి వచ్చి, బోదెల్లో నీరు నేలకు 40 నుంచి 60 సెంటీమీటర్ల లోతులో ఉండేటట్టు చెక్కలు అడ్డం పెట్టుకోమని చెప్పారు. ఆయన బోదెలు అప్పటికి మీటరుకు పైగా లోతున ఎండి ఉన్నాయి. అలా చేస్తే నేల కుంగడం తగ్గుతుందే గాని ఆగదు, కాని నిప్పు భయం చాలావరకు పోతుంది. ఎండాకాలంలో గెల బరువు కూడా తగ్గకుండా ఉంటుంది. ఆయనకు భయం వానాకాలం గురించి. నీరు ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయి, వేసిన ఎరువు కొట్టుకుపోతుంది, గెలలు మోసే బండి దిగబడుతుంది.

"మీ కాటన్ దొర మాకు బోదె తవ్వమన్నాడు, ఈ దొర మూయమంటాడు. ఎవరి మాట వినేది బామ్మర్దీ?" అన్నారు.

"కాటన్ దొర లాకులు కూడా పెట్టాడు గదా బావా. అవసరమైతే మూయడానికి, అవసరమైతే తీయడానికి" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. నేను తిరిగి వచ్చేసిన రెండు నెలలకు ఫోనులో ఒక ఫొటో పంపారు. బోదెకు అడ్డంగా మూడు చెక్కలు, పైచెక్క తీసి పెట్టుకునేటట్టు గాడి. పక్కన చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గొట్టం నేలలో దించి, అందులో గీతలు పెట్టిన కర్ర. దానితో నీటిమట్టం చూస్తారు.

కింది తోటవాడితో తగవు వచ్చింది. ఆయన చెక్కలు పెడితే అతని బోదెకు నీరు తగ్గుతుంది, తీస్తే ఒక్కసారిగా మీద పడుతుంది. ఒక రాత్రి ఎవరో చెక్కలు ఊడదీసి గట్టు మీద పెట్టారు. బావగారు పోలీసు దగ్గరకు పోలేదు. పొద్దున్నే చెక్కలు మళ్లీ పెట్టి, కింది తోటవాడికి కాఫీ పోయించి, ఇద్దరూ కలిసి ఒకే రోజు చెక్కలు తీయాలి, ఒకే రోజు పెట్టాలి అని ఒప్పందం చేసుకున్నారట. నీరు ఒకరి గట్టు దగ్గర ఆగేది కాదు గనుక ఆ పని ఒంటరిగా జరగదు. అతనిని చూసి మరో ఇద్దరు చేరారు. అయిదో ఆయన ఇంతవరకు చేరలేదు, అతని తోటే అడవికి దగ్గర.

ఇప్పుడు బావగారి చెట్లకు పాతికేళ్లు దాటాయి. కొట్టి మళ్లీ నాటవలసిన కాలం. మళ్లీ పామాయిలే వేస్తే ఇంకో పాతికేళ్లు నేల కుంగుతుంది, ఆ తరువాత నది లోపలికి వస్తుందని ఆయనకు తెలుసు. అనాస వేద్దామా అని ఒకసారి అన్నారు, అది ఆ పుల్లని నేలకు ఓర్చుకుంటుంది. సాగో వేస్తే నీరు నిండుగానే ఉంచవచ్చు, కాని కొట్టడానికి పదేళ్లు కావాలి. ఆ పదేళ్లు ఇల్లు ఎలా గడుస్తుంది? పైగా ఆ చుట్టుపక్కల సాగో కొనే మిల్లు లేదు. "పదేళ్లకు నేనుంటానా, దాన్ని కొట్టేది నా మనవడే" అన్నారు కిందటిసారి ఫోనులో. మనవడికి ఇప్పుడు పన్నెండేళ్లు. ఉబ్బసం కొంత నెమ్మదించిందని, శనివారం శనివారం గొట్టంలో కర్ర దించి లెక్క నోటుబుక్కులో రాసేది వాడేనని అక్కయ్య చెప్పింది. ఆ నోటుబుక్కు పేజీ ఒకటి నాకు పంపారు. వానల్లో 28, 31. ఎండల్లో 58, 63. ఒక శనివారం దగ్గర మాత్రం 91 అని ఉండి, పక్కన మలయ్‌లో ఏదో రాసి రెండు గీతలు కొట్టి ఉన్నది. అదేమిటని అడిగితే, ఆ వారం పైచెక్క ఎవరో ఎత్తుకుపోయారని, కొత్త చెక్క కోయించి పెట్టామని చెప్పారు.